స్వభావ దోషాన్ని కొలిచే చిన్న ప్రశ్నావళి: గుంటూరు, ప్రకాశం మైదానాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1987–88 పత్తి పంటకాలం గుంటూరు, ప్రకాశం జిల్లాల సాంఘిక చరిత్రలో ఒక విభజన రేఖ. అంతకుముందు రెండు దశాబ్దాలలో ఇక్కడి నల్లరేగడి నేలల్లో పొగాకు, జొన్న, అపరాలు సాగయ్యే చోట్లను పత్తి చాలావరకు ఆక్రమించింది. సొంత భూమి ఉన్నవారితో పాటు కౌలుకు తీసుకున్నవారూ పత్తి మీద ఆశతో అప్పు చేశారు. తెల్లదోమ, శనగపచ్చ పురుగు విజృంభించాయి. అంతవరకు పనిచేసిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు పురుగు లొంగలేదు. లొంగని కొద్దీ మందు పెరిగింది, మందుతో పాటు పురుగుమందుల దుకాణంలో అప్పు పెరిగింది. ఆ కాలంలో ఈ రెండు జిల్లాల పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళ తరువాత 1997–98లో వరంగల్ ప్రాంతంలో ఇదే విషాదం మరింత పెద్ద ఎత్తున జరిగినప్పుడు గాని గుంటూరు, ప్రకాశం మరణాలకు చరిత్రలో చోటు దొరకలేదు. జి. పార్థసారథి, షమీమ్ 1998లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల ఆత్మహత్యలపై ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో తొలినాటి పరిశీలనలలో ఒకటి.

ఇటువంటి మరణం తరువాత ఊళ్ళో పుట్టే ప్రశ్న ఒకటుంది. అప్పు చంపిందా, ఆ మనిషి గుణమే అంతా? పక్క చేను వాడికీ పంట పోయింది, అతడు బతికే ఉన్నాడు గదా అన్న వాదన ఈ ప్రశ్న వెనక ఉంటుంది. ఆర్థిక శాస్త్రం ఈ ప్రశ్నను అప్పు వైపు నుంచి చూసింది. పరిపాలనా యంత్రాంగం దానిని దస్త్రంగా మార్చింది. మానసిక వైద్యం స్వభావం వైపు నుంచి అడిగింది, అడగడానికి ఒక సాధనాన్ని తయారు చేసుకుంది. ఆ సాధనమే ప్రశ్నావళి. సర్దుబాటుకు అడ్డుపడే స్వభావ లక్షణాలను, మనస్తత్వ శాస్త్ర పాఠ్యపుస్తకాల మాటలో చెప్పాలంటే విషమయోజక లక్షణాలను, అతి తక్కువ ప్రశ్నలతో పట్టుకోవాలన్న ప్రయత్నానికి ఇప్పుడు నూరేళ్ళ చరిత్ర ఉంది. ఆ ప్రశ్నలు తెలుగులోకి వచ్చినప్పుడు ఏమవుతాయన్నది మనస్తత్వ శాస్త్రవేత్తల కంటే ముందు తెలుగు భాషాధ్యయనపరులు తేల్చవలసిన సంగతి.

దస్త్రంలో మనిషి గుణం

మనిషి స్వభావాన్ని కాగితం మీద నిర్ణయించడం ఈ మైదానానికి కొత్త కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో సవరణ పొంది మద్రాసు రాజధానికి వర్తించింది. ఎరుకలవారి వంటి సంచార సమూహాలు పుట్టుకతోనే నేరస్వభావం కలవని ఆ చట్టం భావించింది. బాపట్లకు సమీపంలోని స్టువార్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో 1913–14 ప్రాంతంలో ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటడానికి అనుమతి, ఇవీ అక్కడి కాగితాలు. సెటిల్‌మెంటు వారి శ్రమ చీరాల పొగాకు పరిశ్రమకు ఎలా ఉపయోగపడిందో మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా చూపించారు. స్వాతంత్ర్యానంతరం 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ ముద్ర మాత్రం సినిమాల్లోనూ సామెతల్లోనూ ఇంకా మిగిలే ఉంది. ఒక్కొక్క మనిషిని విడిగా ఒక్క ప్రశ్నా అడగకుండానే అక్కడ స్వభావ నిర్ణయం జరిగిపోయింది. ఈ కోణం నుంచి చూస్తే ప్రశ్నావళి కొంత మేలైన వస్తువే. అది కనీసం మనిషిని అడుగుతుంది.

రెండో దస్త్రం ఇటీవలిది. 2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 421 జారీ చేసింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ఇవ్వాలన్నది దాని సారం. అర్హత తేల్చడానికి రెవెన్యూ డివిజనల్ అధికారి, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసి విచారణ జరపాలి. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, శవపరీక్ష నివేదిక, అప్పు పత్రాలు, పట్టాదారు పాసు పుస్తకం వంటి కాగితాలు ముందు పెట్టాలి. రాతపూర్వకమైన కౌలు పత్రం లేని కౌలుదారు ఈ లెక్కలో రైతు కావడమే కష్టం. విచారణ చివరకు రెండు గడుల దగ్గర ఆగుతుంది: మరణానికి కారణం వ్యవసాయమా, వ్యక్తిగతమా? తాగుడు, ఇంటి తగవు, జబ్బు రెండో గడిలోకి పోతాయి. పంట పోయినందుకు తాగాడా, తాగినందుకు పంట పోయిందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. జి.ఓ. 421 విచారణ స్వభావ పరీక్ష కాదు. అయినా ఒక కుటుంబానికి అందవలసిన డబ్బు, చనిపోయిన మనిషి గుణం గురించి ఇరుగుపొరుగు చెప్పే మాటతో ముడిపడి ఉంది. ‘తాగుబోతు’ అన్న ఒక్క మాట వాంగ్మూలంలో పడితే ఆ జి.ఓ. నాటి లెక్కలో దాని విలువ లక్షన్నర రూపాయలు అయ్యేది.

పొడుగు నుంచి పొట్టికి

ఆధునిక స్వభావ ప్రశ్నావళి యుద్ధంలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం రాబర్ట్ వుడ్‌వర్త్ 116 ప్రశ్నల పత్రాన్ని సిద్ధం చేశాడు. తుపాకి మోతకు మనసు చెదరగల సైనికులను ముందే గుర్తించాలన్నది ఉద్దేశం. పత్రం పూర్తయ్యేలోగా యుద్ధమే ముగిసింది. 1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి హాథవే, మెకిన్లీల పెద్ద శోధిక వచ్చింది, అందులో ఐదు వందల పైచిలుకు వాక్యాలున్నాయి. ఐసెంక్ దంపతుల 1975 నాటి ప్రశ్నావళిలో 90 ప్రశ్నలుంటే, దాని సవరణకు 1985లో వచ్చిన పొట్టి రూపంలో 48 ఉన్నాయి.

వ్యక్తిత్వ రుగ్మతలను దేశదేశాల్లో ఒకే రీతిన గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన ముఖాముఖి పరీక్షపై నివేదిక 1994లో వెలువడింది. 11 దేశాల్లోని 14 కేంద్రాల్లో 716 మంది రోగులను పరీక్షించారు. మన దేశం నుంచి బెంగళూరు కేంద్రం పాల్గొంది. ఒక్కొక్కరితో రెండు గంటలకు పైగా మాట్లాడవలసిన ఆ పద్ధతి జిల్లా ఆసుపత్రి బయటి రోగుల విభాగంలో సాధ్యమయ్యేది కాదు. అక్కడ ఒక వైద్యుడికి ఒక రోగి కోసం దొరికేది నిమిషాలే. పొట్టి ప్రశ్నావళి కోసం వెతుకులాటకు మూలం ఈ నిమిషాల లెక్కే.

2003లో బ్రిటన్‌లో పాల్ మోరన్ బృందం ప్రకటించిన సాధనం ఈ దిశలో చివరి అంచు వంటిది. అందులో ఎనిమిదే ప్రశ్నలు. స్నేహాలు నిలుపుకోవడం కష్టమా, ఒంటరిగా ఉండే మనిషివా, ఇతరులను నమ్ముతావా, త్వరగా కోపం వస్తుందా, ఆలోచించకుండా పనులు చేస్తావా, దిగులు పడే మనిషివా, ఇతరుల మీద ఎక్కువగా ఆధారపడతావా, అన్నీ పరిపూర్ణంగా ఉండాలని పట్టుబడతావా, ఇవీ ఆ ఎనిమిదింటి భావాలు. మూడు, అంతకు మించి మార్కులు వస్తే రుగ్మత ఉండవచ్చునని లెక్క. మొదటి పరిశీలన 60 మంది మానసిక రోగుల మీద జరిగింది. రుగ్మత ఉన్నవారిలో నూటికి 94 మందిని అది పట్టుకుంది, లేనివారిలో నూటికి 85 మందిని సరిగా వదిలింది. 2012లో అమెరికాలో రాబర్ట్ క్రూగర్ తదితరులు 25 లక్షణాలను కొలిచే 220 వాక్యాల శోధికను ప్రకటించారు. దానికి 25 వాక్యాల పొట్టి రూపమూ ఉంది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు వ్యక్తిత్వ రుగ్మతల పాత పేర్లను దాదాపుగా తొలగించింది. తీవ్రత ఎంత, ఏ లక్షణాలు ప్రధానం అన్న రెండు ప్రశ్నలనే ముందుకు తెచ్చింది. ఆ తరువాత పొట్టి ప్రశ్నావళుల తయారీకి కొత్త ఊపు వచ్చింది.

పొట్టి చేయడంలో నష్టం ఎంతో 1910లోనే స్పియర్‌మన్, బ్రౌన్ విడివిడిగా ఇచ్చిన సూత్రం చెబుతుంది. విశ్వసనీయత 0.90 ఉన్న ఒక శోధికను సగానికి తగ్గిస్తే అది 0.82 అవుతుంది, నాలుగో వంతుకు తగ్గిస్తే 0.69కి దిగుతుంది. ఈ పతనాన్ని ఆపే ఒక దొడ్డిదారి ఉంది. ఒకే భావాన్ని వేరువేరు మాటల్లో అడగడమే అది. ‘నాకు కోపం ఎక్కువ’, ‘చిన్న మాటకే మండిపడతాను’, ‘నాకు ముక్కు మీదే కోపం’ అన్న మూడు వాక్యాలకూ జనం ఒకే జవాబు ఇస్తారు కనుక విశ్వసనీయత పెరిగినట్టు కనిపిస్తుంది. కొలిచింది మాత్రం కోపంలోని ఒక మూలను. సప్రమాణత అక్కడ దెబ్బతింటుంది. పర్యాయపదాల సంపద ఉన్న భాషలో ఈ ప్రలోభం మరీ ఎక్కువ.

ఇంకొక లెక్క కూడా గమనించాలి. ఆసుపత్రిలో తయారైన సాధనాన్ని ఊరి మీదికి తెస్తే ఫలితం మారుతుంది. ఒక ఊహా లెక్కగా, వెయ్యి మంది పెద్దలున్న పల్లెలో వంద మందికి నిజంగా రుగ్మత ఉందనుకుందాం. పైన చెప్పిన ఎనిమిది ప్రశ్నల సాధనం అదే నిశితత్వంతో పనిచేస్తే వారిలో 94 మందిని పట్టుకుంటుంది. మిగిలిన తొమ్మిది వందల మందిలో 135 మందికి లేని దోషం అంటగడుతుంది. అంటే గుర్తు పడిన 229 మందిలో సగానికి పైగా తప్పుగా గుర్తుపడినవారే. స్టువార్టుపురం చరిత్ర తెలిసిన నేలలో ఈ 135 అన్న అంకెను తేలికగా తీసుకోవడానికి వీల్లేదు.

నిఘంటువు పక్కన పెట్టిన గుంపు

స్వభావ లక్షణాల శాస్త్రం నిఘంటువులో మొదలైంది. మనుషుల మధ్య ముఖ్యమైన తేడాలన్నిటికీ భాష పేర్లు పెట్టుకునే ఉంటుందన్న నమ్మకంతో 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు నుంచి 17,953 మాటలను ఏరారు. వాటిని నాలుగు గుంపులు చేశారు. స్థిరమైన స్వభావాన్ని చెప్పే 4,504 మాటలు మొదటి గుంపు. మెచ్చుకోలు, తెగడ్త వంటి విలువ తీర్పును మోసే 5,226 మాటలు మూడో గుంపు, అన్నిటిలోకి పెద్దది. తరువాతి పరిశోధన ప్రధానంగా మొదటి గుంపు మీద సాగి ఐదు కారకాల సిద్ధాంతానికి చేరింది. తీర్పు మాటలు పక్కకు పోయాయి. విషమయోజక లక్షణాల ప్రశ్నావళి రాయవలసి వచ్చినప్పుడు పక్కన పెట్టిన గుంపే మళ్ళీ అవసరమైంది.

తెలుగులో ఆ గుంపును వెతకడానికి నిఘంటువు దాకా వెళ్ళనక్కరలేదు, ప్రత్యయాలే చెబుతాయి. తాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు, పొగరుబోతు, కుళ్ళుబోతు, తిండిపోతు మాటల్లోని ‘బోతు, పోతు’ అలవాటుగా స్థిరపడ్డ దోషాన్ని చెబుతుంది. వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా, దున్నపోతు మేకపోతుల్లోని మగ జంతువు నీడ ఆ మాటల మీద పడక మానదు. లంచగొండి, జగడగొండిలో ‘గొండి’, జగడాలమారి, కయ్యాలమారిలో ‘మారి’, తగవులకోరులో ‘కోరు’ ఇదే పని చేస్తాయి. ఒక్కసారి తాగినవాణ్ణి తాగుబోతు అనరు. పదే పదే జరగడం, మానలేకపోవడం, దానివల్ల ఇతరులు బాధపడటం, ఈ మూడూ ఉంటేనే ఆ ప్రత్యయం అతుకుతుంది. చిత్రమేమిటంటే ఆధునిక మానసిక వైద్యం రుగ్మతకు చెప్పే నిర్వచనంలోనూ ఈ మూడు అంశాలే ప్రధానం. ఇంగ్లీషులో వాక్యం పట్టే భావాన్ని తెలుగు రెండక్షరాల్లో చెప్పింది.

అయితే ఆ రెండక్షరాలు ప్రశ్నావళికి పనికిరావు. ఇవి ఇతరులు అనే మాటలు. ‘మీరు పొగరుబోతులా?’ అని అడిగితే వచ్చేది జవాబు కాదు, తగవు. కొన్ని మాటలకు లింగం కూడా ఉంది. గయ్యాళి, నంగనాచి స్త్రీల మీదే పడతాయి. ఆ గుణమే ఉన్న మగవాడికి నోరున్నవాడు, గుంభనమైనవాడు అన్న మర్యాద దొరుకుతుంది. జనం నోటి మాటలను యథాతథంగా తీసుకుని తయారుచేసిన ప్రశ్నావళి ఊరి పక్షపాతాలను కూడా మార్కులుగా మారుస్తుంది.

ఇక రెండో దారి పారిభాషిక పదాలది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా మూర్తిమత్వం, శోధిక, నికష, సప్రమాణత వంటి మాటలు ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతి ఒక్కరికీ పరిచయమయ్యాయి. శాస్త్ర రచనకు ఇవి చక్కగా సరిపోతాయి. పొలం గట్టు మీద మాత్రం మూర్తిమత్వం అంటే ఏ మూర్తి అని అడిగే ప్రమాదం ఉంది. 2002లో మెక్రే, ఆలిక్ సంపాదకత్వంలో వెలువడిన అంతర్జాతీయ సంకలనంలో పోల్చిన 36 సంస్కృతుల్లో తెలుగువారూ మరాఠీవారూ వేరువేరుగా కనిపిస్తారు. ఆ స్థాయిలో తెలుగు ప్రపంచ పటంలోకి ఎక్కింది. పల్లె మాట మాత్రం ఆ పటంలోకి ఎక్కలేదు. పల్లె నోటికీ పరిభాషకూ మధ్యనున్న ఖాళీలోనే నిజమైన ప్రశ్నను రాయాలి.

‘చేస్తారు’ అంటే ఎప్పుడు?

స్వభావ ప్రశ్నకు వ్యాకరణం తొలి సాక్షి. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మం విడిగా ఉంది. కాలంతో నిమిత్తం లేకుండా ఒకరి ధర్మాన్ని, అంటే స్వభావాన్ని చెప్పే క్రియ అది. స్వభావ ప్రశ్నావళి మొత్తం తద్ధర్మంలోనే మాట్లాడవలసిన గ్రంథం. చిక్కు ఏమిటంటే నేటి వాడుకలో తద్ధర్మానికీ భవిష్యత్తుకూ రూపం ఒకటే అయింది. ‘నమ్మినవాళ్ళు మోసం చేస్తారు’ అన్న వాక్యం ఇంగ్లీషు మూలంలో ఒక స్థిరమైన అపనమ్మకాన్ని అడగడానికి రాసింది కావచ్చు. తెలుగులో అది రాబోయే మోసం గురించిన హెచ్చరికగా కూడా వినిపిస్తుంది. వచ్చే నెల పంట అమ్మబోయే రైతు ‘అవునండీ, చేస్తారు’ అంటాడు. ఆ జవాబులో ఉన్నది స్వభావమా, మార్కెట్టు అంచనానా?

క్రియ ఇలా ఉంటే కర్త మరోలా ఉంది. ఇంగ్లీషులో కోపం మనిషి లక్షణం, వాక్యంలో మనిషే కర్త. తెలుగులో కోపం వచ్చేది, దిగులు పుట్టేది, అనుమానం కలిగేది, మనిషి ఆ రాకకు చోటు మాత్రమే. ‘నాకు కోపం వస్తుంది’ అన్న షష్ఠీ ప్రయోగంలో కోపం వచ్చిపోయే చుట్టం. ‘నేను కోపిష్ఠిని’ అన్న వాక్యంలో కోపమే ఇల్లు. మొదటి రూపానికి చాలామంది అవునంటారు, రెండో దానికి ఎవరో గాని ఒప్పుకోరు. ఒకే మూల వాక్యానికి ఈ రెండు అనువాదాలూ సరైనవే. 1970లో బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన తిరుగు అనువాద పద్ధతి ఈ తేడాను పట్టలేదు, ఎందుకంటే రెండూ ఇంగ్లీషుకు తిరిగి వెళ్ళేసరికి ఒకే వాక్యమవుతాయి. ఏ రూపం వాడారన్న దాన్ని బట్టి ఒక జిల్లా జనం శాంతమూర్తులూ కావచ్చు, కోపిష్ఠులూ కావచ్చు.

వ్యతిరేక వాక్యాల సంగతి చెప్పనక్కరలేదు. ‘మీకు దగ్గరి స్నేహితులు లేరా?’ అంటే తెలుగువాడు ‘అవును, లేరు’ అంటాడు. ఇంగ్లీషు పద్ధతిలో గుర్తు పెట్టే కాగితం మీద ఆ ‘అవును’ ఎటు పడాలో అడిగేవారి ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

పత్తి చేను, మిర్చి యార్డు

మాట సరిగా కుదిరినా లోకం కుదరకపోవచ్చు. 2012 నాటి శోధికలోని 25 లక్షణాల్లో ప్రమాదాలకు తెగించడం ఒకటి, అనుమానం ఒకటి. గుంటూరు జిల్లాలో మిర్చి కౌలు రైతు పంట చేతికి రాకముందే రొక్కంగా కౌలు ఒప్పుకుంటాడు. విత్తనం, ఎరువు, మందు, కోత కూలి అన్నీ అప్పు. ధర ఎంత పలుకుతుందో కోత నాటికి గాని తెలియదు. అతడిని ‘ఫలితం ఆలోచించకుండా ప్రమాదకరమైన పనులకు దిగుతారా?’ అని అడిగితే అవును అన్నదే నిజాయితీ గల జవాబు. అది నిగ్రహలోపం ఖాతాలో పడుతుంది. ఈ నేలలో ‘దూకుడు’ అన్న మాటలో తెగడ్త ఎంతో మెప్పు కూడా అంతే. పొగాకును వదిలి పత్తికి, పత్తిని వదిలి మిర్చికి ముందుగా మారినవాడు ఊరికి ఆదర్శం. పంట పోయిన ఏడాది అదే మనిషి దుడుకువాడు. స్వభావం మారలేదు, ధర మారింది.

అనుమానం సంగతి ఇంకా సున్నితమైనది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతు తూకాన్ని అనుమానిస్తాడు, తరుగును అనుమానిస్తాడు, మచ్చు చూసి ధర తగ్గించే కొనుగోలుదారుణ్ణి అనుమానిస్తాడు. అంతకుముందు విత్తన పొట్లాన్ని అనుమానించి ఉంటాడు. 1987లో మందు డబ్బాను అనుమానించనివాడు నష్టపోయాడు. ఇంతటి అనుమానం అనుభవం నేర్పిన జాగ్రత్త. అంతకంటే పెద్ద చిక్కు మాటలోనే ఉంది. ‘అనుమానపు మనిషి’ అంటే కోస్తా పల్లెల్లో తొలుత స్ఫురించేది భార్యను అనుమానించే భర్త. ఆ అర్థం తెలిసిన మగవాడు ఆ ప్రశ్నకు ఎప్పటికీ అవుననడు, అతడి భార్య పక్కన ఉంటే ప్రశ్న వినడానికే ఇష్టపడదు. ‘ఎవరినీ ఒక పట్టాన నమ్మరా?’ అని మారిస్తే జవాబు వస్తుంది, కాని ఆ జవాబు యార్డు గురించి.

సాహిత్యం ఈ చిక్కును ముందే చూసింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు ఆస్తి, పేరు, ఆదర్శం ఒకదాన్నొకటి తినేసిన మనిషి. అతడిని అసమర్థుడు అన్నది శీర్షికే గాని నవల కాదు. ఆ గుణం ఎక్కడ మొదలైందో, ఏ మాటలు విని పెరిగాడో, ఎవరి మెప్పు కోసం ఏం పోగొట్టుకున్నాడో రచయిత పేజీల కొద్దీ వెతికాడు. ఎనిమిది ప్రశ్నల్లో ఆ వెతుకులాట కుదరదు. నవలకు ఎనిమిది నిమిషాల్లో రోగిని పంపించవలసిన అవసరం లేదన్నదీ అంతే నిజం.

అడిగేవారు ఎవరు

2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇదే కాలంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో చేపట్టిన కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కుంగుబాటు, ఆందోళనలకు సంబంధించిన తొమ్మిది, ఏడు ప్రశ్నల పొట్టి పత్రాలను అడిగారు. కోస్తా తెలుగు పల్లెల్లో చిన్న ప్రశ్నావళి సాధ్యమేనని చూపిన ఉదాహరణ అది. అయితే ఆ పత్రాలు గత రెండు వారాల గురించి అడిగేవి. ‘రెండు వారాల నుంచి నిద్ర పట్టడం లేదా?’ అన్న ప్రశ్నలో కాలం ఉంది, మనిషి మీద తీర్పు లేదు. స్వభావ ప్రశ్నకు ఆ వెసులుబాటు ఉండదు. అది పుట్టుక నుంచి లెక్క అడుగుతుంది.

అడిగేది వరసైన మనిషి అన్నది మరో సంగతి. ఆశా కార్యకర్త అదే ఊరి ఆడపడుచు లేదా కోడలు. ‘మీరు సాధారణంగా ఒంటరిగా ఉండటానికి ఇష్టపడే వ్యక్తా?’ అన్న అచ్చు వాక్యం ఆమె నోట ‘ఎవరితోనూ కలవవేంది బాబాయ్?’ అవుతుంది. శాస్త్ర నియమం ప్రకారం ఇది ప్రశ్నను చెడగొట్టడమే. భాష దృష్టిలో ఆ ప్రశ్న ప్రశ్నగా మారింది అక్కడే. కాకపోతే ‘బాబాయ్’ జవాబు కూడా ఇప్పుడు కూతురి వరసైన పిల్లకు చెప్పే జవాబే. చెప్పకూడనివి దాటిపోతాయి.

ఈ చిక్కులన్నీ మరో రంగంలో ఒకసారి ఎదురయ్యాయి. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రచురించింది. నాగలి భాగాలకు, నేల రకాలకు, సేద్యపు పనులకు ఏ జిల్లాలో ఏ మాట వాడతారో రైతులనే అడిగి రాసుకున్న గ్రంథమది. అక్కడ మాట ముందే రాసి పెట్టుకుని రైతు ఒప్పుకుంటాడా లేదా అని చూడలేదు. వస్తువు ముందు పెట్టారు, పేరు రైతును చెప్పమన్నారు. స్వభావ ప్రశ్నావళి పద్ధతి దీనికి తలకిందులు: పేరు ముందే ఉంది, మనిషి అందులో ఇముడుతాడా అన్నదే ప్రశ్న. కృష్ణమూర్తి దారిలో నడవాలంటే మొదట పల్లెలో ఒక సంఘటన చెప్పాలి. ఉదాహరణకు పంట పోయిన ఏడాది ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు అప్పులవాడికి ఎదురు నిలిచాడు, రెండోవాడు గది తలుపు వేసుకున్నాడు, వాళ్ళను మీ ఊళ్ళో ఏమంటారు? పర్చూరులో వచ్చే మాట, పల్నాడులో వచ్చే మాట, గిద్దలూరు వైపు వచ్చే మాట ఒకటి కాకపోవచ్చు. మాటలు చేరాక, వాటిలో నింద మోసేవి ఏవో, జాలి మోసేవి ఏవో, తనకు తాను చెప్పుకోగలిగేవి ఏవో వేరు చేయాలి. ప్రశ్న రాయడం ఆ తరువాతి పని.

అలా రాసిన ప్రశ్నల్లో నమ్మకానికి సంబంధించినది తద్ధర్మంలో కాక భూతకాలంలో ఉంటే మేలు. ‘నమ్మినవాళ్ళ చేతిలో మోసపోయారా?’ అని అడిగితే రైతు అవునంటాడు, వెంటనే ఏ సంవత్సరమో, ఏ పంటో, ఎవరి దుకాణమో చెబుతాడు. ఇప్పటి కాగితాల్లో అవునుకు ఒక గడి, కాదుకు ఒక గడి ఉన్నాయి. సంవత్సరం రాసుకోవడానికి గడి లేదు.